దృష్టి శాస్త్ర పితామహుడు ఇబ్నుల్ హైసమ్

మన జల్సాలలో ముస్లిం శాస్త్రజ్ఞుల పేర్లు చెప్పవలసి వచ్చినప్పుడు ఇబ్నె సీనా, అల్ ఖ్వారిజ్మీ, అల్ బైరూనీ, జాబిర్ బిన్ హయ్యాన్ అని ఒక వరుస చదవడం ఆనవాయితీ. ఆ వరుసలో ఇబ్నుల్ హైసమ్ పేరు కూడా తప్పకుండా వస్తుంది. అందరం సంతోషిస్తాం. తర్వాత పక్కన కూర్చున్న కుర్రవాణ్ణి ఆయన ఏం చేశారని అడిగితే కెమెరా కనిపెట్టారంటాడు, లేకపోతే కళ్ళజోడు కనిపెట్టారంటాడు. రెండూ నిజం కావు. నిజంగా ఆయన చేసిన పని ఈ రెండింటికంటే పెద్దది. చేయని పని అంటగట్టి పొగడడం వల్ల చేసిన పని మరుగున పడిపోతున్నది. అందుకే ఈ సంవత్సరం సావనీరులో ఆ మహనీయుని జీవితాన్ని కాస్త వివరంగా రాద్దామనుకున్నాను.

ఆయన పూర్తి పేరు అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. ఇరాక్ దేశంలోని బస్రా నగరంలో హిజ్రీ 354 ప్రాంతంలో, అంటే క్రీస్తు శకం 965 ప్రాంతంలో జన్మించారు. అందుకే ఆయన్ను అల్ బస్రీ అని కూడా అంటారు. యూరపువాళ్ళు హసన్ అనే పేరును తమ నోటికి తగ్గట్టు మార్చుకుని అల్‌హాజెన్ అన్నారు. ఇంగ్లీషు పుస్తకాలలో అల్‌హాజెన్ అని కనిపిస్తే అది మన హసనే అని పిల్లలకు చెప్పాలి. లేకపోతే ఎవరో పరాయి దేశపు దొర అనుకుంటారు.

అప్పుడు ఇరాకులో బువైహీ వంశపువారి పాలన నడుస్తున్నది. బస్రాలో ఆయన కొంతకాలం ప్రభుత్వ కొలువులో ఉన్నారని చరిత్రకారులు రాశారు. అయితే మనసంతా యూక్లిడు రేఖాగణితం మీద, టాలమీ ఖగోళం మీద ఉండేది. ఆయన బాల్యం గురించి నమ్మదగిన వివరాలు దాదాపు లేవు. జీవిత కథ మనకు ప్రధానంగా ఇద్దరి రాతల వల్ల తెలుస్తున్నది. ఒకరు అల్ ఖిఫ్తీ, రెండవవారు ఇబ్నె అబీ ఉసైబియా. ఇద్దరూ ఆయన పోయిన రెండు వందల ఏళ్ళకు రాసినవారే. కనుక ముందు చెప్పబోయే నైలు నది కథలో కొంత చేర్పు ఉండవచ్చు. అయినా ఆ కథ చెప్పకుండా ఇబ్నుల్ హైసమ్ గురించి ఎవరూ రాయరు, నేనూ మానను.

ఈజిప్టు బ్రతుకంతా నైలు నది వరద మీద ఆధారపడి ఉండేది. వరద ఎక్కువైతే ఊళ్ళు మునిగేవి, తక్కువైతే కరువు. తాను ఈజిప్టులో ఉంటే, పెరిగినా తగ్గినా ఆ నది ప్రజలకు మేలు చేసే ఉపాయం చేసి ఉండేవాణ్ణని ఇబ్నుల్ హైసమ్ ఎక్కడో అన్నారట. ఆ మాట కైరోలోని ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం చెవిన పడింది. అల్ హాకిం 996లో పదకొండేళ్ళ వయసులో గద్దెనెక్కినవాడు. విద్యను పోషించినవాడే, 1005లో కైరోలో దారుల్ ఇల్మ్ అనే విద్యాలయం స్థాపించాడు. కానీ ఎప్పుడు ఎవరి తల తీయిస్తాడో తెలియని మనిషి. ప్రజలు ములూఖియా ఆకుకూర తినకూడదని కూడా ఫర్మానా ఇచ్చాడంటే ఎలాంటివాడో ఊహించుకోండి.

అటువంటి ఖలీఫా ఇబ్నుల్ హైసమ్‌ను పిలిపించి, కైరో బయట ఖందఖ్ అనే పల్లె దాకా స్వయంగా ఎదురు వెళ్ళి స్వాగతం పలికాడు. పనివాళ్ళను, ధనాన్ని ఇచ్చి నది వెంట దక్షిణానికి పంపాడు. ఇబ్నుల్ హైసమ్ అస్వాన్ దగ్గర జనాదిల్ అనే చోటు దాకా వెళ్ళారు. దారి పొడవునా ప్రాచీన ఈజిప్టువాళ్ళ కట్టడాలు చూశారు. ఎంత కొలత, ఎంత నైపుణ్యం! ఇంత తెలిసినవాళ్ళకు నైలుకు కట్ట కట్టడం సాధ్యమైతే ఎప్పుడో కట్టి ఉండేవారు కదా అని ఆయన ఆలోచనలో పడ్డారు. రెండు ఒడ్డులనూ పరిశీలించిన తర్వాత ఆ కాలపు సాధనాలతో అది కాని పని అని తేలిపోయింది. తిరిగి వచ్చి ఖలీఫాతో ఆ మాటే ఒప్పుకున్నారు. ఆ అస్వాన్ దగ్గరే 1902లో ఒక ఆనకట్ట, 1970లో పెద్ద ఆనకట్ట పూర్తయ్యాయి. అంటే ఆలోచన తప్పు కాదు, తొమ్మిది వందల ఏళ్ళు ముందు వచ్చింది.

ఖలీఫా అప్పటికి ఏమీ అనలేదు, పైగా ఒక కచేరీలో ఉద్యోగం ఇచ్చాడు. అయితే ఆ నిశ్శబ్దానికే ఇబ్నుల్ హైసమ్ భయపడ్డారు. పిచ్చివానిలా నటించడం మొదలుపెట్టారు. మతి చలించినవానికి షరీఅత్‌లో శిక్ష లేదు కదా. ఆస్తి స్వాధీనం చేసుకుని, ఒక ఇంట్లో నిర్బంధించి, చూసుకునేందుకు మనిషిని పెట్టారు. 1021లో ఒక రాత్రి అల్ హాకిం ముఖత్తం కొండల వైపు వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. అది రూఢి అయ్యాక ఇబ్నుల్ హైసమ్‌కు మతి తిరిగి వచ్చింది! ఆస్తి తిరిగి ఇచ్చారు. ఆ తర్వాత అల్ అజ్‌హర్ మసీదు ద్వారం దగ్గర ఒక గుమ్మటం కింద కాపురం పెట్టి, చదవడం, బోధించడం, రాయడంలోనే తక్కిన జీవితం గడిపారు.

బ్రతుకుతెరువు ఎలా అంటే, పుస్తకాలకు నకళ్ళు రాయడం. ఏడాదికి ఒకసారి యూక్లిడు గ్రంథం, టాలమీ అల్ మజస్తీ, వాటి మధ్య చదివే గణిత గ్రంథాలు నకలు రాసేవారు. వాటికి 150 ఈజిప్షియన్ దీనార్లు వచ్చేవి. ధర అంతే, బేరం లేదు. ఆ సొమ్ముతో సంవత్సరమంతా వెళ్ళదీసేవారు. లోకానికి దృష్టి శాస్త్రం నేర్పిన మనిషి కాతిబ్ పని చేసుకుని తిన్నారన్న సంగతి మన పిల్లలకు చెబితే నామోషీ అనుకోరు, గౌరవమే పెరుగుతుంది.

ఆయన రాసినవి తొంభైకి పైగా అని జాబితాలు ఉన్నాయి. వాటిలో తలమానికం కితాబుల్ మనాజిర్. ఉర్దూ తెలిసినవారికి ఈ పదం కొత్త కాదు. మంజర్ అంటే చూసే దృశ్యం, మనాజిర్ దాని బహువచనం. గ్రంథం ఏడు భాగాలు. నిర్బంధంలో రాశారని కొందరు, విడుదలయ్యాక రాశారని కొందరు అంటారు.

ఆ రోజుల్లో చూపు గురించి రెండు పక్షాలు ఉండేవి. కంటిలో నుంచి కిరణాలు బయటికి వెళ్ళి వస్తువును తాకుతాయని యూక్లిడు, టాలమీ పక్షం. వస్తువు రూపమే కంటిలోకి వస్తుందని అరిస్టాటిల్ పక్షం. మొదటి పక్షానికి లెక్క ఉంది, రెండవదానికి లేదు. ఇబ్నుల్ హైసమ్ ఎవరి పేరు గొప్పదని చూడలేదు. సూర్యుణ్ణి తేరిపార చూస్తే కన్ను నొస్తుంది. బాగా వెలుగున్న వస్తువును కాసేపు చూసి చీకట్లోకి తిరిగితే దాని ఆకారం ఇంకా కళ్ళ ముందు ఉంటుంది. కాబట్టి వెలుగు బయటి నుంచి వచ్చి కంటి మీద పని చేస్తున్నదన్నారు. వస్తువు మీద ప్రతి చుక్క నుంచీ వెలుగు అన్ని దిక్కులకూ తిన్నటి గీతల్లో పోతుందని చెప్పి, రెండవ పక్షానికి మొదటి పక్షపు లెక్క జోడించారు.

మాటతో ఆగలేదు. చీకటి గది తలుపు ముందు వేరువేరు చోట్ల దీపాలు పెట్టి, ఒక బెజ్జం గుండా లోపలి గోడ మీద పడే వెలుగు మచ్చలు చూశారు. దీపాలు ఎన్నో మచ్చలు అన్ని. ఒక దీపానికి అడ్డు పెడితే దాని మచ్చ ఒక్కటే పోయింది, అడ్డు తీస్తే అదే చోటికి వచ్చింది. అన్ని వెలుగులూ ఒకే బెజ్జంలో కలిసి వెళ్ళినా ఒకదానితో ఒకటి కలగాపులగం కాలేదు. కొవ్వొత్తులు నాలుగు, అట్టముక్క ఒకటి ఉంటే ఈ ప్రయోగం ఏ బడిలోనైనా చేయవచ్చు.

ఇక్కడ ఆయన గ్రహణం మీద రాసిన చిన్న గ్రంథం గురించి చెప్పాలి. నా దృష్టిలో అది చాలా విలువైనది. గ్రహణం అంటే మనకు నమాజె కుసూఫ్ గుర్తుకు వస్తుంది. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పోయిన రోజున గ్రహణం పడితే, ఆ మరణం వల్లనే సూర్యుడు మసకబారాడని జనం అనుకున్నారు. ప్రవక్త (స) ఆ మాటను ఒప్పుకోలేదు, గ్రహణం ఎవరి పుట్టుక కోసమో చావు కోసమో పట్టదని తెలియజేశారు. అటువంటి ధర్మంలో పెరిగిన మనిషి గ్రహణాన్ని భయంతో కాక ప్రశ్నతో చూడడం సహజమే. ఇబ్నుల్ హైసమ్ ప్రశ్న ఇది: పాక్షిక సూర్యగ్రహణం నాడు సూర్యుడు నెలవంకలా ఉంటాడు. చిన్న బెజ్జం గుండా వచ్చిన వెలుగు గోడ మీద నెలవంకలాగే పడుతుంది. బెజ్జం పెద్దదైతే మాత్రం గుండ్రంగా పడుతుంది. ఎందుకు? 2019 డిసెంబరు 26 ఉదయం గ్రహణం పట్టినప్పుడు వేపచెట్టు నీడను గమనించినవాళ్ళు నేల మీద వందల నెలవంకలు చూసే ఉంటారు. ఆకుల మధ్య సందులే అక్కడ బెజ్జాలు.

ఆయన జవాబు ఏమిటంటే, సూర్యుని మీద ఒక్కొక్క చుక్క నుంచి వచ్చే వెలుగు గోడ మీద బెజ్జం ఆకారంలో ఒక మచ్చ వేస్తుంది. అలాంటి లెక్కలేనన్ని మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి బొమ్మ తయారవుతుంది. బెజ్జం చిన్నదైతే మచ్చలు చిన్నవి, బొమ్మ స్పష్టం. పెద్దదైతే మచ్చలు ఒరుసుకుని నెలవంక మాయమై బెజ్జం ఆకారమే మిగులుతుంది. కానీ బెజ్జం చిన్నదయ్యేకొద్దీ వెలుగు తగ్గి బొమ్మ మసకబారుతుంది. స్పష్టత కావాలంటే వెలుగు వదులుకోవాలి, వెలుగు కావాలంటే స్పష్టత వదులుకోవాలి. గోడ మీద బొమ్మలో సూర్యుని వంతు ఎంత, బెజ్జం వంతు ఎంత అని విడదీసి లెక్క కట్టడమే అక్కడ ఆయన చేసిన పని. చీకటి గదిలో బొమ్మ పడుతుందని ఆయనకు ముందే చైనాలో, గ్రీసులో తెలుసు. ఆ బొమ్మను ఎంతవరకు నమ్మాలో లెక్కతో చెప్పింది ఈయన.

ఇదే విచారణ కితాబుల్ మనాజిర్ మూడవ భాగంలో కంటికే వర్తింపజేశారు. కన్ను సరిగ్గా చూడాలంటే ఎనిమిది విషయాలు తగు మోతాదులో ఉండాలన్నారు. వస్తువు మరీ దూరం, మరీ దగ్గర కాకూడదు. కంటికి ఎదురుగా ఉండాలి. తగినంత వెలుగు పడాలి. మరీ చిన్నది కాకూడదు. వెలుగు ఆరపార పోకుండా కొంతైనా దట్టంగా ఉండాలి. మధ్యలో గాలి తేటగా ఉండాలి. చూడడానికి సమయం చాలాలి. చివరిది, కన్ను ఆరోగ్యంగా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి గతి తప్పినా మనం చూసేది పొరపాటవుతుంది, ఏది తప్పితే ఏ రకం పొరపాటు వస్తుందో ఒక్కొక్కటిగా రాశారు.

వెయ్యేళ్ళనాటి ఈ జాబితా మనకెందుకు అనుకోకండి. షుగరు వ్యాధి లేని ఇల్లు ఇప్పుడు మన మహల్లాలలో అరుదు. షుగరు కంటి వెనుక పొరను, అంటే రెటీనాను తింటుంది. చూపు బాగా ఉన్నప్పుడే లోపల నష్టం మొదలై ఉండవచ్చు. దాన్ని కనిపెట్టేందుకు పెద్ద కంటి ఆసుపత్రులలో ఓ.సి.టి. అనే స్కాను తీస్తారు. ఆప్టికల్ కొహెరెన్స్ టొమోగ్రఫీ దాని పూర్తి పేరు. 1991లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన జేమ్స్ ఫుజిమోటో, డేవిడ్ హువాంగ్, ఎరిక్ స్వాన్సన్, వారి సహచరులు దీన్ని లోకానికి తెలిపారు. ఆ ముగ్గురికి 2023లో లాస్కర్ పురస్కారం వచ్చింది. కోతా లేదు, సూదీ లేదు. కంటికి కనిపించని పరారుణ వెలుగును రెండు పాయలు చేసి, ఒకటి అద్దం మీదికి, ఒకటి కంటిలోకి పంపుతారు. తిరిగి వచ్చిన రెండు పాయలు కలిసినప్పుడు ఏర్పడే అలల కలయికను బట్టి ఏ లోతు నుంచి ఎంత వెలుగు తిరిగి వచ్చిందో యంత్రం లెక్కిస్తుంది. పావు మిల్లీమీటరు మందం ఉన్న రెటీనాలోని పొరలన్నీ కేకు ముక్క కోసి చూపినట్టు కనిపిస్తాయి. మొదట్లో లోతులో 15 మైక్రాన్ల వరకు విడదీయగలిగేది, ఇప్పటి యంత్రాలు 5 మైక్రాన్ల దాకా విడదీస్తాయి.

స్కాను గదిలో టెక్నీషియన్ చెప్పే మాటలు వినండి. గడ్డం ఇక్కడ ఆనించండి, అంటే దూరం సరిగ్గా ఉండాలి. తిన్నగా ఆ గుర్తునే చూడండి, అంటే ఎదురుగా ఉండాలి. కదలకండి, అంటే సమయం చాలాలి. రెప్ప వేయండి, కన్ను తడి కానివ్వండి, అంటే మధ్యలో తేటగా ఉండాలి. మోతియాబిందు, అదే శుక్లం, ముదిరి ఉంటే బొమ్మ మసకగానే వస్తుంది. వెలుగును పెంచుదామంటే కంటికి హాని, కాబట్టి దానికి హద్దు ఉంది. ఇబ్నుల్ హైసమ్ ఎనిమిది షరతుల్లో చాలా భాగం ఆ చిన్న గదిలో వినిపిస్తాయి. మన పెద్దమ్మలు, నానీలు రెండోసారి తీయాలంటే విసుగుపడి లేచిపోతారు. ఆ రెండోసారి తీయడం డబ్బు గుంజడానికి కాదు, మొదటి బొమ్మ నమ్మడానికి వీలుగా రాలేదు కనుక.

ఆ బొమ్మను మెరుగుపరచడం ఒక పెద్ద విద్య అయింది. ఓ.సి.టి. బొమ్మ మీద ఇసుక చల్లినట్టు పొడిపొడి చుక్కలు ఉంటాయి. అవి కంటిలోని జబ్బు కాదు, వెనక్కి వచ్చిన అలలు తమలో తాము కలబడడం వల్ల పుట్టినవి. ఒకే చోటు బొమ్మను చాలాసార్లు తీసి సగటు చేస్తే ఈ చుక్కలు అణుగుతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని చుక్కలైతే పదహారు బొమ్మల సగటులో వాటి ఉధృతి నాలుగో వంతుకు దిగుతుంది. అయితే అన్నిసార్లు తీసేలోపు కన్ను కదులుతుంది, అందుకని కంటి కదలికను వెంబడించే ఏర్పాటు పెట్టారు. స్పష్టత కోసం సమయం చెల్లించాలి, సమయం పెరిగితే కదలిక వస్తుంది. బెజ్జం దగ్గర చూసిన బేరమే మళ్ళీ వచ్చింది. రక్తనాళం కింద పడే నీడను చూసి పొర తెగిందనుకుంటే పొరపాటు. కంప్యూటరుతో అతిగా నునుపు చేస్తే నిజంగా ఉన్న చిన్న నీటి బుడగ చెరిగిపోవచ్చు. అందంగా ఉన్న బొమ్మ వేరు, నమ్మదగిన బొమ్మ వేరు. ఈ తేడాను ముందుగా శాస్త్రంగా పట్టించుకున్నవారిలో మన బస్రా పండితుడు ఒకరు.

ఆయన్ను పొగిడే తొందరలో ఆయన తప్పు దాచకూడదు. కంటిలోని స్ఫటికం వంటి కటకమే వెలుగును గ్రహించే అవయవం అనుకున్నారు. ప్రతి చుక్క నుంచీ వెలుగు కంటి మీద అంతటా పడుతుంటే బొమ్మ గజిబిజి కాదా అన్న చిక్కు ఆయనకు తెలుసు. నిట్టనిలువుగా తగిలే కిరణాలనే కన్ను లెక్కలోకి తీసుకుంటుందని దానికి పరిష్కారం చెప్పారు. అది నిలవలేదు. 1604లో జర్మన్ పండితుడు కెప్లర్ కటకం వెలుగును ఒకచోటికి చేరుస్తుందని, బొమ్మ తలకిందులుగా రెటీనా మీద పడుతుందని నిరూపించారు. కెప్లర్ ముందు పెట్టుకున్న పుస్తకం పోలండు ప్రాంతపు విటెలోది, విటెలోకి ఆధారం ఇబ్నుల్ హైసమ్. తన తప్పు దిద్దడానికి కావలసిన పనిముట్లు కూడా ఆయనే అందించినట్టయింది. ఆయన కూడా టాలమీ మీద సందేహాలు అంటూ ఒక గ్రంథం రాసి, పెద్దల మాటను పరీక్షించకుండా ఒప్పుకోరాదని నడిచి చూపినవారే.

కితాబుల్ మనాజిర్ 1200 ప్రాంతంలో లాటిన్‌లోకి వెళ్ళింది. రోజర్ బేకన్ వంటివాళ్ళు దాన్నే చదివారు. 1572లో రిస్నర్ అనే పండితుడు బేసెల్ నగరంలో అచ్చు వేయించారు. మన వైపు చూస్తే, ఆ గ్రంథం చాలాకాలం అంతగా ఎవరూ తెరవలేదు. కుత్బుద్దీన్ షీరాజీ దూరదేశం నుంచి ఒక ప్రతి తెప్పించి శిష్యుడు కమాలుద్దీన్ ఫార్సీ చేతిలో పెట్టాడు. 1267లో పుట్టిన ఆ శిష్యుడు దాన్ని సంస్కరించి తన్ఖీహుల్ మనాజిర్ రాశాడు. నీళ్ళు నింపిన గాజు గోళంతో ఇంద్రధనుస్సు ఎలా ఏర్పడుతుందో చేసి చూపాడు.

ఇబ్నుల్ హైసమ్ హిజ్రీ 430 ప్రాంతంలో, అంటే 1040 దరిదాపుల్లో కైరోలో పరమపదించారు. చంద్రుని మీద ఒక గుంటకు ఆయన పేరు పెట్టారు, ఇరాక్ నోట్ల మీద ఆయన బొమ్మ వేశారు. ఐక్యరాజ్య సమితి 2015ను వెలుగు సంవత్సరంగా జరిపినప్పుడు ఆయన గ్రంథానికి వెయ్యేళ్ళని తలచుకున్నారు.

లాటిన్ అనువాదంలో మొదటి భాగంలోని మొదటి మూడు అధ్యాయాలు లేవు. తాను ఎందుకు మళ్ళీ మొదటి నుంచి విచారణ చేయవలసి వచ్చిందో, ఏ పద్ధతిలో చేయదలిచారో ఆయన చెప్పింది ఆ అధ్యాయాలలోనే. యూరపు ఆ మాటలు చూడకుండానే ఆయన్ను చదివింది. అరబీ మూలం రాతప్రతులు ఇస్తాంబుల్ గ్రంథాలయాలలో ఉండిపోయాయి. ఈజిప్టులో పుట్టిన అబ్దుల్ హమీద్ సబ్రా అనే పండితుడు వాటిని సరిచూసి మొదటి మూడు భాగాల మూలాన్ని 1983లో కువైటులో అచ్చు వేయించారు, 1989లో ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆయన 2013లో పోయారు. నాలుగు, ఐదు భాగాల ఇంగ్లీషు అనువాదం ఆయన వెనుక 2023లో వెలువడింది.